టైమ్ మేనేజ్‌మెంట్ కోచ్‌కి డబ్బులిస్తే అసలు ఏం కొంటున్నట్టు?

మన దగ్గర కోచింగ్ అంటే అర్థం ఒకటే. అమీర్‌పేట. కాదంటే అశోక్‌నగర్‌లో గ్రూప్స్, విజయవాడలో ఐఐటీ, అవనిగడ్డలో డీఎస్సీ. సిలబస్ ఉంటుంది, మెటీరియల్ ఇస్తారు, ఒకాయన మైకు పట్టుకుని చెప్తాడు, మనం రాసుకుంటాం, చివర్లో పరీక్ష. అందుకే నా ఫ్రెండ్ ఒకడు, గచ్చిబౌలిలో డెలివరీ మేనేజర్, ప్రొడక్టివిటీ కోచ్ దగ్గరికి వెళ్తున్నా అన్నప్పుడు నేను అడిగిన మొదటి మాట "ఏం చెప్తార్రా అక్కడ?" అని. "ఏం చెప్పరు, అడుగుతారు" అన్నాడు. డబ్బులు తీసుకుని మళ్లీ మననే ప్రశ్నలడగడం ఏంట్రా అని నవ్వాను. ఏడాది తిరక్కుండా నేనూ వెళ్లాను, కంపెనీ డబ్బుతో అనుకోండి. ఎనిమిది సెషన్లయ్యాక ఇందులో పనికొచ్చేదేంటో, ఉత్త హడావిడి ఏంటో కొంచెం అర్థమైంది, అది రాద్దామని.

ముందు మాటలు విడదీసుకోవాలి, ఎందుకంటే ఈ బజార్లో అన్నిటికీ ఒకటే బోర్డు తగిలించేస్తున్నారు. ట్రైనింగ్ అంటే శనివారం పొద్దున హోటల్ హాల్లో నలభై మందిని కూర్చోబెట్టి పీపీటీ వేయడం, మధ్యలో టీ బిస్కెట్లు, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం, గ్రూప్ ఫొటో. అందరికీ చెప్పేది ఒకటే. మెంటరింగ్ అంటే మీ లైన్లోనే మీకన్నా పదిహేనేళ్లు ముందొచ్చినవాళ్లు "నేనైతే ఇలా చేశా" అని చెప్పడం. మనకి బాగా అలవాటైన వ్యక్తిత్వ వికాసం క్లాసు ఇంకోటి, అది ఉత్సాహం ఎక్కించే పని, బయటికొచ్చాక రెండ్రోజులు కొండల్ని పిండి చేసేద్దాం అనిపిస్తుంది, మూడో రోజు సోమవారం వస్తుంది. కోచింగ్ ఈ మూడూ కాదు. ఒకరితో ఒకరే, రెండు వారాలకోసారి ఒక గంట, మీ క్యాలెండరే సిలబస్. కోచ్‌కి మీ పని గురించి తెలియక్కర్లేదు కూడా. వాళ్లు వాడే పద్ధతుల్లో బాగా పాతుకుపోయింది గ్రో అనేది, 1980ల్లో బ్రిటన్‌లో తయారైంది, జాన్ విట్‌మోర్ అనే ఒకప్పటి కార్ రేసర్ దాన్ని బాగా జనంలోకి తీసుకెళ్లాడు. అందులో ప్రశ్నలు నాలుగే: నీకేం కావాలి, ఇప్పుడున్నదేంటి, ఏమేం దార్లున్నాయి, అందులో ఏది ఎప్పుడు చేస్తావు. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది, కానీ రెండో ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు, నేనూ అక్కడే ఆగిపోయా, ఆ సంగతి తర్వాత చెప్తా.

ఇక యూట్యూబ్‌లో, రీల్స్‌లో తిరిగే టెక్నిక్‌లు. వీటిని చూసి అన్నీ ఒకే రోగానికి మందులనుకుంటాం, కావు. పొమొడోరో ఉంది, ఇరవై ఐదు నిమిషాలు పని, ఐదు నిమిషాలు రెస్ట్, 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ స్టూడెంట్ టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని మొదలెట్టాడు, పొమొడోరో అంటే ఇటాలియన్‌లో టమాటానే. అది పని మొదలుపెట్టలేని వాడికి మందు. నాలుగు గళ్ల డబ్బా ఒకటుంది, అర్జెంటు ఒకవైపు ముఖ్యం ఒకవైపు, అమెరికా మాజీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరు మీద నడుస్తుంది గానీ ఆయన 1954లో ఒక ప్రసంగంలో అర్జెంటు సమస్యలు వేరు ముఖ్యమైన సమస్యలు వేరు అన్నాడంతే, అదీ ఎవరో కాలేజీ ప్రెసిడెంట్ మాటగా చెప్పాడు, గళ్లు గీసింది తర్వాతివాళ్లు. అది ఏది చెయ్యాలో తేల్చుకోలేని వాడికి మందు. బుర్రలో ఉన్నదంతా కాగితం మీద కక్కెయ్, రెండు నిమిషాల్లో అయిపోయేది వెంటనే చేసెయ్ అని డేవిడ్ ఆలెన్ చెప్పింది ఇంకోటి, అది మర్చిపోయే వాడికి. మొదలుపెట్టడం, ఎంచుకోవడం, గుర్తుంచుకోవడం, ఇవి మూడు వేరే వేరే జబ్బులు. ఎంచుకోలేని వాడికి టమాటా టైమర్ ఇస్తే ఏమవుతుంది, అనవసరమైన పనిని ఇరవై ఐదు నిమిషాల చొప్పున చాలా శ్రద్ధగా చేస్తాడు.

నాలుగో జబ్బు ఇంకోటుంది, దానికి ఈ మందులేవీ పనిచెయ్యవు. అది పనే ఎక్కువుండటం. ఇది అర్థం కావాలంటే ఏదైనా డాక్టరు గారి ఓపీ ముందు కూర్చోండి. ఒక్కో పేషెంటుకి సగటున పది నిమిషాలు పడుతుంది అనుకుందాం, కొందరికి నాలుగు, కొందరికి ఇరవై ఐదు. పేషెంట్లు కూడా లైను కట్టి టైముకి రారు, ఒక్కోసారి నలుగురు ఒకేసారి దిగుతారు, ఒక్కోసారి ఎవరూ ఉండరు. డాక్టరు గారి టైములో సగమే నిండి ఉంటే, లోపలికి వెళ్లడానికి సగటున పది నిమిషాలు ఆగాలి. టైము ఎనభై శాతం నిండితే నలభై నిమిషాలు. తొంభై శాతానికి గంటన్నర. తొంభై ఐదు శాతానికి మూడు గంటల పైన. గమనించారా, ఎనభై నుంచి తొంభై ఐదుకి పెరిగింది పదిహేను శాతమే, ఎదురుచూపులు మాత్రం ఐదింతలకి దగ్గరకొచ్చాయి. ఇది నా సొంత కవిత్వం కాదు, క్యూల లెక్కల్లో అందరూ చదివే మొదటి ఫార్ములానే, నిండిన శాతాన్ని మిగిలిన ఖాళీ శాతంతో భాగించి, దాన్ని ఒక్కో పనికి పట్టే టైముతో హెచ్చవెయ్యడమే.

మీ సీటు కూడా ఒక ఓపీనే. మీ మేనేజరు టైమ్‌షీట్‌లో మిమ్మల్ని నూరు శాతం నింపేసి "యుటిలైజేషన్ సూపర్" అని సంబరపడతాడు చూశారా, ఆ రోజు నుంచే మీ దగ్గరికొచ్చిన ప్రతి చిన్న పనీ వారం ఆగుతుంది. ఎవడికైనా రిప్లై ఆలస్యమైతే వాడు మళ్లీ పింగ్ చేస్తాడు, ఆ పింగ్ ఇంకో పని, అంటే క్యూ ఇంకా పెరుగుతుంది. దీనికి తోడు జాన్ లిటిల్ అనే ఆయన 1961లో నిరూపించిన చిన్న లెక్క ఒకటుంది: మీ దగ్గర పెండింగ్‌లో అరవై పనులుండి, రోజుకి ఆరు పూర్తి చేస్తుంటే, కొత్తగా వచ్చిన పని చేతిలోకి వచ్చి బయటికెళ్లడానికి సగటున పది పనిదినాలు పడుతుంది. మీరు పొద్దున ఐదింటికి లేచినా అంతే, చన్నీళ్ల స్నానం చేసినా అంతే. ఆ పది రోజులు తగ్గాలంటే ఆరుని పెంచాలి, లేదా అరవైని తగ్గించాలి. ఆరుని పెంచడానికి మనిషికి ఒక హద్దుంది. అరవైని తగ్గించడం అంటే ఎవరికో ఒకరికి కాదని చెప్పడం, అక్కడే మనం బిక్కమొహం వేస్తాం.

ఇప్పుడు నా సంగతి. మొదటి సెషన్‌లో నా కోచ్ మేడం ఏ టెక్నిక్కూ చెప్పలేదు. ఒక వారం పాటు ఏం చేస్తున్నారో అరగంటకోసారి నోట్‌బుక్‌లో రాయండి, అందంగా రాయక్కర్లేదు, అబద్ధం మాత్రం రాయొద్దు అన్నారు. ఆ నోట్‌బుక్ ఇంకా ఉంది నా దగ్గర. ఒక మంగళవారం పేజీ ఇలా ఉంటుంది. 9:40 లాగిన్, టీమ్స్‌లో 31 మెసేజ్‌లు. 10:10 డిజైన్ డాక్యుమెంట్ తెరిచా. 10:14 హెచ్ఆర్ ఫోన్, ఎవరిదో రిలీవింగ్ డేట్ గురించి. 10:30 స్టాండప్ మీటింగ్, పదిహేను నిమిషాలది ముప్పై అయింది. 11:05 మళ్లీ డాక్యుమెంట్. 11:11 "అన్నా ఒక్క నిమిషం" అని పక్క సీటు కుర్రాడు, ఆ నిమిషం 11:32 దాకా నడిచింది. 11:35 డాక్యుమెంట్, పైనుంచి మళ్లీ చదవాల్సి వచ్చింది. ఇలా సాయంత్రం దాకా ఆ ఫైలు ఏడుసార్లు తెరిచా, మొత్తం కలిపి యాభై నిమిషాలు కూడా దాని మీద లేను. ఎనిమిదిన్నరకి క్లయింట్ కాల్, అది డాలస్‌లో పొద్దున తొమ్మిది, ఎండాకాలంలో ఏడున్నరకే మొదలయ్యేది, నవంబర్లో వాళ్ల గడియారం మారగానే మనకి కాల్ గంట ఆలస్యమవుతుంది. కాల్ అయ్యాక అన్నం తిని, పదిన్నరకి కూర్చుంటే డాక్యుమెంట్ పదకొండూ నలభైకి అయిపోయింది. పగలంతా కానిది, రాత్రి గంటా పది నిమిషాల్లో.

రెండో సెషన్‌లో మేడం ఆ పేజీ చూసి ఒక్కటే అడిగారు, "ఈ ఒక్క నిమిషం అన్నవాళ్లు వారం మొత్తంలో ఎంతమంది?" లెక్కపెడితే ముప్పై ఎనిమిది. నేను అప్పటిదాకా నా సమస్య బద్ధకం అనుకునేవాణ్ణి, నిజంగా. లేటుగా లేస్తున్నా, ఫోకస్ లేదు, ఫోన్ ఎక్కువ చూస్తున్నా అని నన్ను నేను తిట్టుకుంటూ ఉండేవాణ్ణి. గ్రోలో రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయా అన్నది ఇదే, నా పరిస్థితి గురించి నేను చెప్పే కథకీ నోట్‌బుక్‌లో ఉన్నదానికీ పొంతనే లేదు.

పని మధ్యలో కదిలిస్తే జరిగే నష్టం ఆ కదిలించిన నిమిషాలతో పోదు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించింది ఇదే, ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి మారితే బుర్రలో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుంది, అంట్ల గిన్నెకి అంటుకున్న అడుగులా. కాలిఫోర్నియాలో గ్లోరియా మార్క్ ఏళ్ల తరబడి ఆఫీసుల్లో మనుషుల్ని గమనించింది, మొదట్లో వెనక నిలబడి స్టాప్‌వాచ్‌తో, తర్వాత కంప్యూటర్ రికార్డులతో కొలిచింది, 2004లో ఒక స్క్రీన్ మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచిన చూపు ఈ మధ్య కొలతల్లో 47 సెకన్లకి పడిపోయింది. అందులో ఇంకో విషయం నాకు బాగా గుచ్చుకుంది, బయటివాళ్లు కదిలించేది ఎంతో, మనల్ని మనమే కదిలించుకునేది కూడా దాదాపు అంతే ఉంటుందట. ఎవరూ పిలవకపోయినా వాట్సాప్ తెరుస్తాం చూడండి, అది.

దీనికి మేం కనిపెట్టిన మందు చెప్తే నవ్వుతారు. మన పంచాంగంలో సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం, ఆ గంటన్నరలో కొత్త పని ఎవడూ మొదలుపెట్టడు, ఎందుకు మొదలుపెట్టవు అని కూడా ఎవడూ అడగడు, రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర పెద్దపెద్ద వాళ్లే కార్లో కూర్చుని ఆగుతారు. అంత గౌరవం ఫోకస్ టైమ్ అనే మాటకి లేదు. అందుకని మా టీమ్ క్యాలెండర్లో పది నుంచి పదకొండున్నర దాకా "రాహుకాలం" అని బ్లాక్ పెట్టాం. ప్రొడక్షన్, అంటే కస్టమర్లు వాడుతున్న సిస్టమ్, పడిపోతే తప్ప పిలవకూడదు, "ఒక్క నిమిషం"లన్నీ ఒక షీట్లో రాసి పెట్టాలి, పదకొండున్నరకి అన్నీ వరసగా చూస్తా. మొదటివారం కుర్రాళ్లు ఇబ్బంది పడ్డారు. తర్వాత ఆ షీట్లో రాసిన ప్రశ్నల్లో సగానికి పదకొండున్నర లోపు వాళ్లే సమాధానం వెతుక్కుని కొట్టేస్తున్నారు.

మిగతా సెషన్లలో జరిగింది చెప్పుకోవడానికి అంత గొప్పగా ఉండదు. నేను ఒక పనికి రెండ్రోజులంటే, "పోయినసారి ఇలాంటిదానికి ఎన్ని రోజులు పట్టింది?" అని అడిగేవారు, ఐదు. మనుషులందరికీ ఈ రోగం ఉంది, కానెమన్, ట్వెర్స్కీ అనే సైకాలజిస్టులు 1979లోనే దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరు పెట్టారు. 1994లో వచ్చిన ఒక కెనడా పరిశోధనలో స్టూడెంట్లని మీ థీసిస్ ఎన్ని రోజుల్లో అవుతుందని అడిగితే సగటున 34 రోజులన్నారు, అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని అంటే 49 లోపే అన్నారు, తీరా పట్టింది 55. అంటే మన చెడ్డ అంచనా కూడా ఆశావాదమే! కాబట్టి అంచనా ఊహలోంచి కాకుండా పాత రికార్డులోంచి తీయడం, అంతే.

ఇంకోటి "కుదిరినప్పుడు చేస్తా" అనే మాట మీద మేడంకి అస్సలు పడేది కాదు. ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత, అదంతా చెప్పాల్సిందే. "గురువారం లంచ్ చేసి సీటుకి రాగానే, టీమ్స్ తెరవకముందు, అప్రైజల్ ఫారం మొదటి పేజీ" అని రాయించారు. మొదట చాదస్తం అనిపించింది. కానీ పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు ఈ "ఫలానా అయినప్పుడు ఫలానా చేస్తా" పద్ధతి మీద చాలా పనిచేశాడు, 2006లో 94 పరీక్షలు కలిపి చూస్తే ప్రభావం బాగానే ఉందని తేలింది. 2011లో ఇంకో ఇద్దరు చూపించింది ఏంటంటే, సగంలో ఉన్న పని బుర్రని తొలిచేస్తుంటుంది కదా, అది ఆగడానికి పని పూర్తి చెయ్యక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తావో స్పష్టంగా రాసుకుంటే చాలు. రాత్రి పక్క మీద పడుకున్నాక గుర్తొచ్చే పనులన్నీ ఇలా రాయనివే, కావాలంటే చూసుకోండి.

అన్నిటికన్నా కష్టమైంది కాదని చెప్పడం. మన ఆఫీసుల్లో దున్నే ఎద్దునే పొడుస్తారు, చేసేవాడి మీదే ఇంకోటి పడేస్తారు, వాడూ "సరే సార్" అంటాడు. ఇంగ్లీషు వీడియోల్లో చెప్పినట్టు మొహం మీద నో అంటే మన దగ్గర అది పొగరు లెక్క, అప్రైజల్లో తెలుస్తుంది దాని రేటు. మేడం నాతో నాలుగైదు సార్లు ప్రాక్టీస్ చేయించిన వాక్యం ఇది: "సార్, ఇది తీసుకుంటా, కానీ ఇది తీసుకుంటే మైగ్రేషన్ శుక్రవారానికి అవ్వదు, వచ్చే బుధవారానికి పోతుంది, మీకు ఏది ముందు కావాలి?" కాదనలేదు, ఎంచుకునే భారం ఆయన మీద పెట్టా. మొదటిసారి అన్నప్పుడు చెమటలు పట్టాయి. ఆయన ఒక నిమిషం ఆలోచించి "సరే, ఇది రమేష్‌కి ఇద్దాంలే" అన్నాడు. పాపం రమేష్. ఈ మాటలో ఉన్న చిక్కు అదే, నా అరవై తగ్గింది గానీ టీమ్ మొత్తం మీద ఉన్న పని తగ్గలేదు, నా కుర్చీలోంచి పక్క కుర్చీలోకి జరిగింది.

ఇక ఇది నిజంగా పనిచేస్తుందా అంటే, 2021లో టైమ్ మేనేజ్‌మెంట్ మీద 158 పరిశోధనల్ని ఒకచోట చేర్చి చూశారు. పనితీరుతో సంబంధం ఉంది, ఓ మోస్తరుగా. కానీ అంతకన్నా ఎక్కువ సంబంధం కనిపించింది జీవితం మీద తృప్తితో, మనశ్శాంతితో. అంటే ఎక్కువ పని చేయించడానికి కంపెనీ డబ్బు పెడుతుంది, దక్కేది మాత్రం రాత్రి నిద్ర. నా విషయంలో అదే జరిగింది, అవుట్‌పుట్ రెట్టింపు ఏం కాలేదు, ఎనిమిదిన్నర కాల్ అలాగే ఉంది, కాకపోతే కాల్ తర్వాత లాప్‌టాప్ మూసేస్తున్నా.

కోచింగ్‌తో బాగుపడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు చెప్పరు. ఆరుగురి పని నలుగురితో చేయిస్తుంటే దానికి కావాల్సింది ఇద్దరు మనుషులు, నలుగురికీ కోచ్‌లు కాదు. ఇలాంటి చోట కోచింగ్ పెట్టడం అంటే తప్పు నీదే సుమా అని మర్యాదగా చెప్పడం. ఇంకోటి ఇల్లు. కేంద్రం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 88. అంటే ఒకే ఆఫీసులో ఒకే పోస్టులో ఉన్న ఇద్దరిలో ఒకరికి రోజులో మూడు గంటల పైన తక్కువ. పొద్దున ఐదింటికి లేచి గంట మీకోసం పెట్టుకోండి అని చెప్పే ట్రైనరుకి ఆ ఐదింటికి ఇడ్లీ పిండి, పిల్లల బాక్సులు ఎవరు చూస్తున్నారో తెలీదు. మా మేడం నా నోట్‌బుక్ చూసి "ఇందులో వంట ఎక్కడా లేదే" అని నవ్వారు, నేనేం మాట్లాడలేదు. ఆ తర్వాత నుంచి పిల్లల బాక్సులు నావి.

డాక్టరు చూడాల్సినవి కూడా ఉంటాయి. చిన్నప్పటి నుంచీ ఏ పని మీదా నిలకడ లేకపోతే అది ఏడీహెచ్‌డీ కావచ్చు. ఎనిమిది గంటలు పడుకున్నా పగలు కునుకుపాట్లు వస్తుంటే గురక రోగమో థైరాయిడో చూపించుకోవాలి. నెలల తరబడి దేని మీదా ఇష్టం లేకపోతే డిప్రెషన్ కావచ్చు. మంచి కోచ్ అయితే ఇది నా పని కాదు అని వాళ్లే పంపిస్తారు.

మంచి కోచ్ అంటే ఎలా తెలుస్తుంది? మన దేశంలో ఎవరైనా పొద్దున లేచి లింక్డిన్‌లో కోచ్ అని పెట్టుకోవచ్చు, లైసెన్స్ ఏమీ అక్కర్లేదు. బయట గుర్తింపు ఇచ్చేవాటిలో పెద్దది ఐసీఎఫ్, అంటే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, 1995లో మొదలైంది, మూడు మెట్లుంటాయి: ఏసీసీకి కనీసం 100 గంటలు కోచింగ్ చేసి ఉండాలి, పీసీసీకి 500, ఎంసీసీకి 2500. గంటలు ఎక్కువైతే మీకు నప్పుతారని కాదు, కనీసం పదిమంది గోడు విని ఉంటారని. తొంభై తొమ్మిది రూపాయల వెబినార్‌కి పిలిచి, రెండు గంటలు ఊదరగొట్టి, చివరి పది నిమిషాల్లో "ఈ రాత్రి పన్నెండు లోపు కడితేనే" అని వేలల్లో కోర్సు అమ్మేవాళ్లున్నారు, టైము విలువ తెలిసినవాడు అలా మీ రెండు గంటలు తినడు.

కంపెనీ ఫీజు కడుతుంటే మాత్రం మొదటి కాల్‌లోనే ఒకటి తేల్చుకోండి, మా మేనేజరుకి ఏం చెప్తారు అని. మా మేడం అయితే "మీరు వచ్చారా లేదా, ఎన్ని సెషన్లు అయ్యాయి, అంతే చెప్తాను, మీరేం మాట్లాడారో చెప్పను" అని మెయిల్‌లో రాసిచ్చారు. నా ఫ్రెండ్‌కి అలా జరగలేదు. వాడు మూడో సెషన్‌లో వేరే కంపెనీలో చూసుకుంటున్నా అన్న మాట రెండు వారాల్లో వాళ్ల హెచ్ఆర్ నోట్లోంచి వినపడింది.